పచ్చళ్ళ ఫోల్డరు

అది గురువారం. ఉదయం పది గంటల యాభై నిమిషాలు. మా ఇంటి కంప్యూటరులో పాత సిస్టం తీసేసి లినక్స్ ఎక్కించడానికి వచ్చిన శేషగిరి మాస్టారు, "ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఫరవాలేదా అని అడుగుతోందండీ. ఫరవాలేదు అని కొట్టెయ్యనా?" అని చివరిసారి అడిగింది అప్పుడే. గోడ గడియారం కంప్యూటరుకు సరిగ్గా పైన ఉంది. ఆ పది రోజులూ మా లైనుకు మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు తీసేస్తున్నారు కాబట్టి గదిలో అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. కొట్టెయ్యమంటే నేను ఎనిమిది నెలలపాటు ఒంటి వేలితో కూర్చుకున్న ముప్పై నాలుగు పేజీలు పోతాయి. వద్దంటే, ఆ పేజీల్లో ఏముందో మా ఆయన ముందూ మా ఆడపడుచు ముందూ చెప్పాలి.

ఇది ఎన్నో ఏళ్ళ కిందటి మాట. మా ఆయన పోయి ఇప్పటికి ఐదు నెలలైంది. మొన్న మా కోడలు మాధవి బీరువా సర్దుతూ పట్టుచీర మడతల్లోంచి మూడు ఫ్లాపీలు తీసి, "ఇవి ఇంకా దాచారా అత్తయ్యా?" అంది. వాటిని పెట్టి చూసే మిషను ఇప్పుడు మా ఇంట్లో లేదు, వినుకొండలో అడిగినా లేదన్నారు. పారెయ్యమంటే పారేసేదే. ఇటివ్వమని తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన బతికుండగా ఈ సంగతి బయట పెట్టనని మాటిచ్చాను. ఆ గడువు తీరింది. అందుకని రాస్తున్నాను.

చాలామంది పెద్దవాళ్ళు తమ చిన్నతనం గురించి రాస్తారు. అలాంటివి నేను చాలా చదివాను. వాళ్ళకు పలక ఉంటుంది, బలపం ఉంటుంది, చెవి మెలిపెట్టే పంతులు ఉంటాడు. నాకు ఆ వయసులో కలుపుతీత ఉంది, తమ్ముణ్ణి ఎత్తుకోవడం ఉంది. నా చిన్నతనం నలభై రెండో ఏట, నాకు అక్షరాలు వచ్చినప్పుడు మొదలైంది. ఆ లెక్కన చూస్తే నేను చెప్పే గురువారం నాటికి నాకు ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్ల ఎలా దాచుకుంటుందో, ఎలా అబద్ధమాడుతుందో, దొరికిపోతే ఎలా బిగుసుకుపోతుందో నేనూ అలాగే చేశాను. కాబట్టి ఇది చిన్నతనం కబురే అనుకోండి.

ముందు మా ఇల్లు ఎలా ఉండేదో చెప్పాలి. పత్తి ఏళ్ళలో మా ఇల్లు పురుగుమందు వాసన వేసేది. పత్తి వేసిన ఇళ్ళన్నీ అంతే, ఎవరింటి వాసన వాళ్ళకు తెలిసేది కాదు, పొరుగూరి నుంచి వచ్చిన చుట్టాలకు తెలిసేది. స్ప్రేయరు గొడ్ల చావిట్లో మేకుకు వేలాడేది. దాని కింద గోడవారన డబ్బాలు వరసగా ఉండేవి. పొలంనుంచి వచ్చిన మగవాళ్ళను మా అత్తగారు గుమ్మం దాటనిచ్చేది కాదు. దొడ్లో తొట్టి దగ్గర కుంకుడురసంతో మెడదాకా తోమించుకుని, విడిచిన బట్టలు అక్కడే బానలో ముంచి, చెంబుడు మజ్జిగ తాగితేనే లోపలికి. పిల్లల్ని మాత్రం తెల్లారిందాకా ముట్టుకోనిచ్చేది కాదు. ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి, ఖాళీ అయిన డబ్బాను బూడిదతో తోమి అందులో కిరసనాయిలు పోసి పెట్టేది. ఒక్క కిరసనాయిలేనా, దూడలకు ఉప్పు కూడా అందులోనే. డబ్బా గట్టిగా ఉంది, మూత బిగుతుగా ఉంది, పారేయడం దేనికి అనేది. మా ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా అంతే. డబ్బా మీద ఏం రాసుందో చదివే ఆడమనిషి మా బజారులో ఒక్కతీ లేదు. మా అత్తగారు మూత తీసి వాసన చూసి చెప్పేది, ఇది ఫలానా అని. నేను ఆ విద్య కూడా నేర్చుకోలేదు.

ఒక ఏడు పచ్చపురుగు మందుకు లొంగలేదు. ఒకటి కొడితే చావలేదు, ఇంకోటి తెచ్చారు. దానికీ చావకపోతే రెండూ కలిపి కొట్టారు. కాయలో దూరి కూర్చున్న పురుగు రోజురోజుకీ లావవుతుంటే మా ఆయన రోజురోజుకీ మాట తగ్గించాడు. తిండి ముందు కూర్చుని అన్నం కలిపి, కలిపినదాన్ని అలాగే చూస్తూ ఉండేవాడు. నేను విసుక్కునేదాన్ని. ఒకరోజు పొద్దెక్కాక దొడ్లోకి వెళ్ళేసరికి చావిట్లో నేలమీద పడున్నాడు. ఏం జరిగిందో నోటి వాసన చెప్పింది. పక్కింటివాళ్ళ ట్రాక్టరులో వేసుకుని పేట ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎక్కబోతూ, ఏ మందో డాక్టరు అడుగుతాడన్న బుద్ధి నాకు పుట్టింది. ఆ బుద్ధి పుట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. పరుగెత్తి గోడవారనున్న డబ్బాల్లో మూత లేనిది ఒకటి పట్టుకొచ్చాను. డాక్టరు దాని మీద చదివి దానికి తగిన వైద్యం మొదలుపెట్టాడు. సాయంత్రానికి మనిషి ఇంకా దిగజారాడు. అప్పుడు ట్రాక్టరు తోలిన ఆయన ఊళ్ళోకి పోయి, చావిట్లో దొరికిన ఇంకో మూత లేని డబ్బా తెచ్చాడు. డాక్టరు అది చూసి వైద్యం మార్చాడు. మూడోనాటికి గండం గడిచింది. ఆ డాక్టరు మంచివాడే, నన్నేం తిట్టలేదు. "ముందే ఈ డబ్బా తెచ్చుంటే ఇంతదూరం వచ్చేది కాదమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ ముక్క నాలో దిగబడిపోయింది.

ఊళ్ళో ఏమని చెప్పాలో ఆసుపత్రి వరండాలోనే మా అత్తగారు తేల్చేసింది. మందు కొడుతుంటే గాలి ఎదురు తిరిగి ఘాటు తగిలిందని చెప్పాం. అది కూడా జరిగేదే కాబట్టి అందరూ నమ్మారు. తప్పెటలాగా ఊరంతా మోగించే మా ఆడపడుచు నాగరత్నం వదినకు కూడా అదే చెప్పాం. కొన్నాళ్ళకు మేమే నమ్మడం మొదలుపెట్టాం. మా ఆయనా నేనూ ఆ సంగతి ఒక్కసారి, ఒక్క మాటగా కూడా ఎత్తుకోలేదు.

ఆ చలికాలమే నేను అక్షరాలకు కూర్చున్నాను. కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీసేచోటికి మధ్యాహ్నాలు ఒక టీచరమ్మ వచ్చేది. చేతులు తొడిమల మీద, కళ్ళు ఆవిడ పట్టిన అట్ట మీద. మిరపఘాటుకు కారే కన్నీళ్ళలో అచ్చులూ హల్లులూ తేలేవి. నలభై రెండేళ్ళదానికి ఇదేం పోయేకాలం అని నవ్వారు. నవ్వనిచ్చాను. గుణింతాలు పూర్తయిన రోజున తిన్నగా ఇంటికొచ్చి చావిట్లో డబ్బాల ముందు చతికిలబడ్డాను. అందరూ కూడబలుక్కుని చదివే మొదటి మాట అమ్మ అనో ఆవు అనో అంటారు. నేను చదివింది విషం. ఎర్రగా, ప్రతి డబ్బా మీదా, అన్నేళ్ళూ నా కళ్ళముందే ఉంది. ఆ తరువాత అగ్గిపెట్టె, బస్సు బోర్డు, పెళ్ళిపత్రిక, పొట్లం చుట్టిన కాగితం, ఏది కనబడితే అది చదివాను. చదవడం వచ్చినా రాత మాత్రం రాలేదు. నా వేళ్ళు పార పట్టి మొద్దుబారినవి. పెన్ను పట్టుకుంటే అక్షరం గడ్డపలుగుతో తవ్వినట్టు పడేది. ఎవరైనా చూస్తే ఇది ముదివయసులో నేర్చిందని ఇట్టే చెప్పేస్తారు.

మాధవి మా ఇంటికొచ్చాక కంప్యూటరు వచ్చింది. పేటలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పేది, ఇంట్లో కూర్చుని పరీక్ష పేపర్లు కొట్టిచ్చేది. నేను వెనక నిలబడి చూసేదాన్ని. అది మీటను తాకగానే తెరమీద 'క' పుట్టేది. గుండ్రంగా, పుస్తకంలో ఉన్నట్టు. ఏ చెయ్యి తాకిందో ఆ అక్షరానికి తెలియదు. పార పట్టిన చెయ్యా, పలక పట్టిన చెయ్యా అని అడగదు. "నాకూ చెప్పవే" అన్నాను. మాధవి నవ్వలేదు. చిన్న చిన్న కాగితం ముక్కల మీద తెలుగు అక్షరాలు రాసి మీటల మీద అంటించింది. రాసినవి దాచుకోవడానికి ఒక ఫోల్డరు కావాలి, దానికి ఏం పేరు పెట్టమంటారు అని అడిగింది. పచ్చళ్ళు అని పెట్టమన్నాను. అత్తయ్య మాగాయ, కొరివికారం కొలతలు రాసుకుంటోందని అది అనుకుంది. రెండు రోజులు అవే రాశాను. మూడో రోజు నుంచి ఆ డబ్బా సంగతి రాయడం మొదలుపెట్టాను. మాధవి బడికి పోయాక, మా ఆయనా అబ్బాయీ పొలం పోయాక, తలుపు దగ్గరగా వేసుకుని. కాగితమైతే ఎవరి చేతికైనా చిక్కుతుంది. కంప్యూటరైతే మాధవి తప్ప ముట్టుకునేవాళ్ళు లేరు, అది అత్తగారి పచ్చళ్ళ జోలికి రాదు. ఇంతకన్నా మంచి దాపు లేదనుకున్నాను.

ఆ కంప్యూటరుకు ఎప్పుడూ ఏదో ఒక జబ్బే. లోపలున్నది ఎవరి దగ్గరో కాపీ చేసిన సిస్టం. బడినుంచి ఫ్లాపీ తెస్తే వైరసు వచ్చేది. పేటనుంచి మెకానిక్కు వచ్చి తుడిచి మళ్ళీ ఎక్కించేవాడు, నెల తిరక్కుండా మళ్ళీ మొదలు. ఈసారి సగం కొట్టిన పరీక్ష పేపర్లు మింగేసింది. మాధవి ఏడుపు మొహం పెట్టి, తనకు తెలిసిన శేషగిరి మాస్టారికి కబురు పెట్టింది. ఒంగోలు కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి. సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి ఈ లినక్స్ అనేది పంచిపెడతాడని పేరు. టిఫిను సంచిలో సీడీలు వేసుకుని వచ్చాడు. శనివారం పేపర్లు బడికి అందాలి. అందకపోతే మాధవి ఉద్యోగానికి మాటొస్తుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి చాలా రోజులైంది. ఎక్కిస్తూ ఉండగా కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

మిరప దిగుబడి రోజులు. వసారా నిండా కాయలే. ఏడాది కారానికి కాయలు పట్టుకెళదామని వచ్చిన నాగరత్నం వదిన, నేనూ కంప్యూటరు గదిలోనే చాప వేసుకుని తొడిమలు తీస్తున్నాం. మా ఆయన గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మాస్టారు ముందు పెట్టె పక్క రేకు విప్పారు. లోపలంతా ఎర్రటి దుమ్ము. ఫ్యాను రెక్కల మీద పేరుకుని ఉంది. ఉఫ్ అని ఊదేసరికి ఐదుగురం కలిసి తుమ్మాం.

"గుంటూరు జిల్లా పెట్టెలకు ఇదొక్కటే జబ్బండీ," అన్నారు మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ. "వైరసు కూడా దీంట్లో బతకదు, అసలు."

"ఊరికే ఇస్తావటగా అబ్బాయీ ఈ బిళ్ళ," అంది వదిన. "ఊరికే ఎందుకిస్తావు? ఏంటి మతలబు?"

"మతలబేం లేదమ్మా. ఇది ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడివాళ్ళో రాసి అందరికీ పెట్టారు. లోపలేం రాసుందో ఎవరైనా విప్పి చదువుకోవచ్చు, తప్పుంటే దిద్దుకోవచ్చు. దాపరికం లేదు."

"దాపరికం లేకపోతే బతికినట్టే," అంది వదిన. మా ఆయన గడియారం వైపు చూశాడు.

మాధవి తన పేపర్లన్నీ సీడీలోకి ఎక్కించుకుంది. తరువాత నా వైపు తిరిగి, "అత్తయ్యా, మీ పచ్చళ్ళు ఫ్లాపీలోకి తియ్యనా?" అని అడిగింది.

"పచ్చళ్ళు పెట్టడానికి దీనికి కంప్యూటరు చెప్పాలా?" అంది వదిన. "మా అమ్మ కాలంనుంచీ ఉప్పెక్కువే వేస్తుంది."

నేను అవును తియ్యమనే అనబోయాను. అప్పుడే మాస్టారు, "తీసినవన్నీ తెరిచి చూపిస్తానండీ. ఫ్లాపీలను నమ్మడానికి లేదు. సరిగ్గా వచ్చిందో లేదో చదివి చూసుకోవాలి" అన్నారు. చదివి అన్న మాట నాకు వినబడింది. మా ఆయనకు నాలుగో తరగతి చదువుంది. ఏది కనబడినా పైకి చదవడం ఆయనకు అలవాటు. వదినకు చదువు లేదు గానీ చెవులున్నాయి. "వద్దులే" అన్నాను. "నోటికొచ్చినవేగా. పోనీ."

మాధవి ఒక్క క్షణం నా వైపు అదోలా చూసింది. ఎనిమిది నెలలు రోజూ రెండు గంటలు కూర్చున్నదాన్ని పోనీ అంటే దానికి అర్థం కాలేదు.

మాస్టారు సీడీ పెట్టారు. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు వానలా పోయాయి. నేను తొడిమ తీయకుండానే కాయలు ఇటు వేస్తుంటే వదిన మోచేత్తో పొడిచింది. భాష అడిగింది, తెలుగు కూడా ఉందండోయ్ అన్నారు మాస్టారు. గడియారం సంగతి అడిగింది, ఊరి సంగతి అడిగింది. అడిగినప్పుడల్లా నాకు ఒక మెట్టు కిందికి దిగినట్టుండేది. నా ముప్పై నాలుగు పేజీలూ ఆ రేకు పెట్టెలోనే, ఆ ఎర్ర దుమ్ము వెనకాలే ఉన్నాయి. ఆ డబ్బా తప్పు డబ్బా అని నేను ఎవరికీ చెప్పుకోలేక, ఒక్క ఆ పెట్టెకు చెప్పుకున్నాను. అది చెరిగిపోతే మళ్ళీ రాసే బలం నాకు లేదని నాకు తెలుసు. పైగా అవి చెరిగిపోతే, గాలి ఎదురు తిరిగిందన్న అబద్ధం ఒక్కటే మిగులుతుంది.

అప్పుడే మాస్టారు, ఫరవాలేదు అని కొట్టెయ్యనా అని అడిగారు. మాధవి, "కొట్టెయ్యండి మాస్టారూ, పన్నెండవుతుంది" అంది.

"ఆపండి" అన్నాను.

నా గొంతు నాకే పెద్దగా వినబడింది. మాస్టారి వేలు గాల్లో ఆగింది.

"పచ్చళ్ళు కావాలి. తియ్యండి."

"ఇప్పుడా అత్తయ్యా? మళ్ళీ మొదటినుంచీ పాతదాంట్లోకి వెళ్ళాలి. పదిహేను నిమిషాలు పోతాయి."

"పోనీ. అవి పచ్చళ్ళు కాదు."

వదిన చేతిలో కాయ చేతిలోనే ఉంది. "మరేంటే?" అంది. నేను చాపమీది కాయలు దగ్గరికి లాక్కున్నాను. మా ఆయన వైపు చూడలేదు. మాస్టారు మర్యాద తెలిసిన మనిషి. ఒక్క మాట అడక్కుండా సీడీ బయటికి తీసి పాత సిస్టంలోకి వెళ్ళారు. మొదటి ఫ్లాపీ ఎర్రర్ అంది. రెండోది తీసుకుంది. "తెరిచి చూడక తప్పదండీ, నాంచారమ్మగారూ" అన్నారు నా వైపు చూడకుండా. తెరిచారు. తెరమీద నా మొదటి వాక్యం పడింది. నాకు చత్వారం కాబట్టి అక్షరాలు పెద్దవి పెట్టుకునేదాన్ని. వీధిలోంచి కూడా కనబడేటంత పెద్దవి.

కుర్చీలోంచి మా ఆయన, అలవాటు ప్రకారం, ఒక్కొక్క మాటే పైకి చదివాడు. "ఆ రోజు... నేను... తెచ్చింది... తప్పు డబ్బా."

"ఏం డబ్బారా పేరయ్యా?" అంది వదిన.

ఆయన ఇంకో వాక్యం చదవలేదు. మాస్టారు గబుక్కున ఆ పేజీ మూసేశారు. మా ఆయన లేచి, కండువా దులుపుకుని, "కాపీ చెయ్యండి మాస్టారూ. ఒకటి కాదు, ఇంకోటి కూడా చెయ్యండి. అవి చెడిపోతాయన్నారుగా" అని దొడ్లోకి వెళ్ళిపోయాడు.

మాధవి సొరుగులోంచి మూడో ఫ్లాపీ తీసింది. చదువుకున్న పిల్ల, దానికి ఆ ఒక్క వాక్యంతోనే సగం అర్థమై ఉంటుంది. ఎర్రర్ అన్నదానిని కూడా ఇంకోసారి ప్రయత్నిస్తే తీసుకుంది. మూడు ఫ్లాపీలు నా ఒళ్ళో పెట్టారు. పదకొండుంపావుకు మాస్టారు మళ్ళీ సీడీ పెట్టి, మళ్ళీ అన్నీ అడిగించుకుని, ఈసారి ఎవరినీ అడక్కుండా మీట కొట్టారు. చెరిగిపోయింది.

తరువాతి అరగంటా తెరమీద ఒక గీత ఎడమనుంచి కుడికి పాకడం తప్ప ఏమీ జరగలేదు. వదిన నన్ను వదల్లేదు. "ఏం డబ్బానే? నాతో చెప్పకూడనిదేంటే? నా తమ్ముడికేగా సంబంధం?" అని గుసగుసగా, తరువాత గట్టిగా. నేను తొడిమలు తీస్తూనే ఉన్నాను. గోరు మూలల్లో కారం దిగి మండుతోంది. దొడ్లో మా ఆయన ఏం చేస్తున్నాడో చెవి పెట్టి వింటున్నాను. బాల్చీ చప్పుడైంది. గొడ్లకు కుడితి పెట్టే వేళ కాదు అది. లేచి వెళ్ళి చూడాలని ఉంది. వెళ్ళడానికి భయంగానూ ఉంది. ఆ దొడ్లోకి అలాంటి వేళలోనే ఒకసారి వెళ్ళాను కదా. చివరికి కిటికీలోంచి తొంగి చూస్తే, తొట్టి దగ్గర నిలబడి మొహం కడుక్కుంటున్నాడు. కడుక్కున్న మొహమే మళ్ళీ మళ్ళీ కడుక్కుంటున్నాడు.

పన్నెండుకు ఏడు నిమిషాలుందనగా పని పూర్తయింది. తెర నీలంగా, శుభ్రంగా వచ్చింది. మాధవి నవ్వింది. మాస్టారు మాధవిని తన పేపరు ఒకటి తెరిచి చూసుకోమన్నారు. ఆ బడి పేపర్లు ఇంగ్లీషువి, బాగానే వచ్చాయి. "మీది కూడా చూద్దామండీ, ఏమీ చదవను, వచ్చిందో లేదో చూసి మూసేస్తాను" అన్నారు. ఫ్లాపీ ఇచ్చాను. తెరిచారు.

పేజీ నిండా ఏవో గీతలు, చుక్కలు, కొంకిర్లు. ఇంగ్లీషు ముక్కల మీద టోపీలు పెట్టినట్టు. ఒక్క తెలుగు అక్షరం లేదు. పైనుంచి కింద దాకా, ముప్పై నాలుగు పేజీలూ అంతే. ఎనిమిదేళ్ళుగా నాకు అలాంటి అనుభవం లేదు. ఎదురుగా రాసి ఉంది, రాసింది నేనే, నాకు రావట్లేదు.

"పాత ఫాంటులో కొట్టారండీ. ఆ ఫాంటు ఇందులో లేదు. దాని లెక్క వేరు, దీని లెక్క వేరు. పోలేదు, లోపలుంది. మార్చే ప్రోగ్రాము సంపాదించి పంపిస్తాను" అని మాస్టారు ఏదేదో చెబుతున్నారు. మాధవి తెర దగ్గరికి వంగి చూసి తల అడ్డంగా ఊపింది.

"మీకూ రావట్లేదా?" అంది వదిన. "మాస్టారికీ రావట్లేదా? అయితే ఇప్పుడు అందరం సమానమన్నమాట."

కరెంటు పోయింది. చెప్పిన వేళకన్నా రెండు నిమిషాలు ముందే. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. నేను ఫ్లాపీలు పట్టుకుని, "పోయిందిలే. పోతే పోయింది" అన్నాను. ఎవరితో అన్నానో తెలియదు.

"పోతే పోనీ," అన్నాడు మా ఆయన. ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "అందులో ఉన్నది తప్పు."

"నువ్వు చదవందే?" అన్నాను.

"మొదటి మాట చదివాగా. అది తప్పు." కుర్చీలో కూర్చోలేదు. వదిన వైపు తిరిగాడు. "అక్కా, ఆ ఏడు నాకు ఘాటు తగల్లేదే. గాలీ లేదు, ఏమీ లేదు. నేనే తాగాను."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు లేవబోయారు. "కూర్చోండి మాస్టారూ, దాపరికం లేదన్నారుగా" అన్నాడు మా ఆయన. అందులో ఎగతాళి లేదు. తరువాత నా వైపు చూశాడు. "పొలంలో రెండూ కలిపి కొట్టగా బాల్చీలో మిగిలింది. అదే. నువ్వు తెచ్చిన డబ్బాలోదీ ఉంది, వెనక తెచ్చిన డబ్బాలోదీ ఉంది. నువ్వు ఏ డబ్బా తెచ్చినా సగమే తెచ్చినట్టు. నీకు చదువొచ్చినా అంతే."

నేను ఏడవలేదు. నాకు ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న కాయలు చాపమీద విసిరికొట్టాను. "ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా? ఆ డాక్టరు మాట నేను మోస్తున్నానని తెలీదా నీకు? డబ్బాలు ముందేసుకుని నేను చదువుతుంటే చూళ్ళేదా?"

"చూశాను."

"మరి చెప్పవే?"

"చెప్పాలంటే ముందు తాగానని చెప్పాలిగా," అన్నాడు.

విసిరిన కాయలు ఒక్కొక్కటే ఏరాను.

ముందు వదిన అందుకుంది. తమ్ముణ్ణి తిట్టింది, నన్ను తిట్టింది, చచ్చిపోయిన మా అత్తగారిని తిట్టింది. తిడుతూ తిడుతూ లేచి వెళ్ళి ఆయన తల తన కొంగుతో తుడిచింది. మాధవి అన్నం వడ్డించింది. మాస్టారు మా ఇంట్లోనే తిన్నారు. కొరివికారం రెండుసార్లు వేయించుకున్నారు, ఉప్పు సరిపోయిందన్నారు. ఎవరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు గానీ, ఆ నిశ్శబ్దం వెనకటి నిశ్శబ్దం కాదు. సాయంత్రం కరెంటు వచ్చాక మాధవి పేపర్లు కొట్టడానికి కూర్చుంది. శనివారానికి అందించింది.

నెలన్నరకు మాస్టారు ఒంగోలునుంచి సీడీ పంపారు. నా అక్షరాలు తిరిగొచ్చాయి. అప్పటికే నేను కొత్త సిస్టంలో మొదటినుంచీ మళ్ళీ రాస్తున్నాను. మళ్ళీ రాసే బలం లేదనుకున్నాను, ఉంది. ఈసారి తలుపు వేసుకోలేదు. మా ఆయన పొలంనుంచి వచ్చి, తొట్టి దగ్గర కడుక్కుని, నా వెనక కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. పైకి చదివేవాడు. "అది పొద్దెక్కాక కాదు, పొద్దు పొడవగానే తాగాను. నువ్వు చూసేసరికి చాలాసేపైంది" అనేవాడు. నేను ఆ వాక్యం దిద్దేదాన్ని. కొన్నిచోట్ల దిద్దనన్నాను. ఆ రోజు పొద్దున నన్ను తిట్టలేదని ఆయనంటాడు, తిట్టాడు. ఆ వాక్యం అలాగే ఉంచాను. అంతా అయ్యాక, "నేను పోయాక అచ్చేయించుకో. ముందు వద్దు" అన్నాడు.

ఇప్పుడు నా మనవరాలి ఫోనులో మాట్లాడితే తెలుగు అదే పడుతోంది. ఏ ఫాంటో ఎవరూ అడగరు. మా ఊళ్ళో ఇప్పుడు చదవని ఆడపిల్ల లేదు. అయినా మందు డబ్బా మీద రాత మాత్రం ఇంకా చిన్నదైంది, భూతద్దం పెట్టినా చదవలేకుండా ఉన్నాను. పురుగులు మారాయి, మందుల పేర్లు మారాయి, అన్నం కలిపి కలిపినదాన్నే చూస్తూ కూర్చునే మగవాళ్ళు మాత్రం అలాగే ఉన్నారు. అప్పుడు నేను విసుక్కున్నాను. ఇప్పుడైతే పక్కన కూర్చుని అడుగుతాను, ఏమయ్యా ఏమైంది అని. అది నేర్పడానికి ఏ టీచరమ్మా రాలేదు. ఆయన ముందే చెప్పుంటే నేను అక్షరాలకు కూర్చునేదాన్నా అని ఒక్కోసారి అనుకుంటాను. కూర్చునేదాన్ని కాదేమో. అంతమాత్రాన ఆయన చెప్పకపోవడం మంచిదైందని మాత్రం అనను. నా వయసులో ఎనిమిదేళ్ళు ఒక తప్పు నెత్తిన పెట్టుకుని తిరిగాను. అది నాది కాదని తెలియడానికి ఒక పెట్టె మొత్తం తుడవాల్సి వచ్చింది.

ఆ గురువారం ఆ గదిలో ఉన్నవాళ్ళం వీళ్ళం: ఒంగోలు కాలేజీ లెక్కల మాస్టారు శేషగిరి. మా కోడలు మాధవి. మా ఆడపడుచు నాగరత్నం, ఇప్పుడు లేదు. నేను, నాంచారమ్మ. మా ఆయన పేరయ్య.